లాభం ఎక్కడ పండింది?
(‘ది విజర్డ్ ఆఫ్ లైస్’ చిత్రంపై ఒక పరిశీలన)

— బి.ఎస్సీ. (గణితం) విద్యార్థి

ఇది సినిమా సమీక్ష కాదు. ఒక చిత్రాన్ని ఆధారం చేసుకుని ఒక లెక్కను, ఆ లెక్కలో నలిగిపోయిన ఒక కుటుంబాన్ని మిత్రుల ముందుంచాలని నా ప్రయత్నం.

బారీ లెవిన్సన్ దర్శకత్వంలో ఈ చిత్రం 2017లో అమెరికాలో వచ్చింది. న్యూయార్క్ షేర్ల వ్యాపారి బెర్నార్డ్ మేడాఫ్‌గా రాబర్ట్ డి నీరో, భార్య రూత్‌గా మిషెల్ ఫైఫర్ నటించారు. కథ కల్పితం కాదు, జరిగినదే.

మేడాఫ్ చేసిందేమిటి? కొత్తగా చేరినవాళ్ల సొమ్ము తీసి పాతవాళ్లకు లాభమని పంచడం. 1920లో బోస్టన్‌లో ఇదే పని చేసిన చార్లెస్ పొంజీ పేరుమీద దీన్ని పొంజీ పథకం అంటారు. మా రైతుల మాటల్లో చెప్పాలంటే, దాచిన విత్తనాలు వండిపెట్టి ఇదే కొత్త పంట అనడమన్నమాట!

నెలకు రెట్టింపు ఇస్తానని పదిమంది దగ్గర తలా వంద రూపాయలు తీసుకున్నామనుకోండి. వాళ్లకు ఇవ్వడానికి వచ్చేనెల ఇరవైమంది కావాలి, ఆపై నెల నలభైమంది. ఇరవై నెలలు గడిచేసరికి కోటిమందికి పైగా కొత్తవాళ్లు కావాలి. ఎంత తెలివిగలవాడైనా ఈ లెక్కను దాటలేడు.

మేడాఫ్ రెట్టింపు ఆశ చూపలేదు. ఏటా పది శాతం పైచిలుకు, అదీ ఇంచుమించు నష్టమన్నది లేకుండా, కాగితాలమీద చూపించాడు. అందుకే మోసం ఏళ్ల తరబడి సాగింది. నిజానికి అనుమానించవలసింది అక్కడే. ఒక ఏడు వరద, ఒక ఏడు తెగులు. ఏటా ఒకే దిగుబడి ఇచ్చే చేను ఎక్కడైనా ఉంటుందా? హారీ మార్కొపోలస్ అనే విశ్లేషకుడు ఈ లెక్క పొసగదని 2000 నుంచీ ప్రభుత్వ కమిషన్‌కు చెబుతూనే వచ్చాడు. వినిపించుకోలేదు.

2008లో మార్కెట్లు కూలాయి. ఖాతాదారులు దాదాపు 700 కోట్ల డాలర్లు వెనక్కి అడిగారు. ఖజానాలో అంత లేదు. డిసెంబర్ 10న కొడుకులు మార్క్, ఆండ్రూల ముందు మేడాఫ్ నిజం ఒప్పుకున్నాడు. వాళ్లే అధికారులకు తెలియజేశారు. మర్నాడు అరెస్టు. ఖాతాదారుల కాగితాలమీద ఉన్న సొమ్ము సుమారు 6,500 కోట్ల డాలర్లు! 2009లో 150 ఏళ్ల శిక్ష పడింది.

చిత్రం ఎక్కువసేపు నిలిచేది ఇంటి లోపల. కొడుకులు పనిచేసింది అదే భవనంలో, మోసం నడిచిన అంతస్తుకు రెండంతస్తులు పైన. తమకు తెలియదన్నారు. వాళ్లమీద నేరారోపణ లేదు, అయినా లోకం నమ్మలేదు. తండ్రి అరెస్టయి సరిగ్గా రెండేళ్లు నిండిన రోజున మార్క్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆండ్రూ 2014లో క్యాన్సర్‌తో పోయాడు. మేడాఫ్ 2021లో జైలులోనే మరణించాడు.

మా ఊళ్లో చీటీలు నడిపిన ఒకాయన రాత్రికి రాత్రి వెళ్లిపోతే, ఎవరిది ఎంత పోయిందో అందరూ లెక్క వేసుకున్నారు. ఆయన పిల్లలు బడి మానేశారన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు. ఈ చిత్రం చూశాక అది గుర్తుకొచ్చింది.

మిత్రులారా! రేపు మనమూ నాలుగు రూపాయలు సంపాదిస్తాం. ఎవరైనా లాభం ఆశ చూపినప్పుడు ఎంత వస్తుందని కాదు, ఎక్కడ పండిందని అడగాలి. జవాబు చెప్పలేనివాడికి విత్తనాలు అప్పగించకూడదు.