ఆకాశ మార్గాన ముసాఫిర్లు

ఇంటికి ముసాఫిర్ వస్తే మంచినీళ్ళిచ్చి నీడన కూర్చోబెడతాం. మరి ఆకాశ మార్గాన వచ్చే ముసాఫిర్ల సంగతేమిటి? ఏటా గులాబి గోరింకలు మధ్య ఆసియా నుండి మన మర్రి, రావి చెట్లకు వస్తాయి. తలపై నల్లచారలున్న బాతులు హిమాలయాలు దాటి మన దేశం చేరతాయి.

ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక పిట్ట పిల్లల్ని తీసుకున్నారు. తల్లిపిట్ట తల్లడిల్లింది. అది చూసి దైవప్రవక్త (సఅసం) పిల్లల్ని దానికి తిరిగి ఇచ్చేయమని ఆదేశించిన సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

పక్షుల్ని బాధపెట్టాలని మనకూ ఉండదు. అయినా మన ఇళ్ళ వల్లే ఎన్నో చనిపోతున్నాయి. కనుక ఇలా చేద్దాం:

1. చాలా పక్షులు రాత్రివేళ ప్రయాణిస్తాయి. మేడమీది వెలుగు వాటిని దారి తప్పిస్తుంది. ఇషా తర్వాత అనవసరమైన లైట్లు ఆర్పేద్దాం.

2. కిటికీ అద్దంలో కనబడే చెట్టు నిజమనుకొని ఢీకొంటాయి. లోపల పరదా వేస్తే ఆ ప్రతిబింబం పోదు. అద్దానికి బయటివైపు రెండేసి అంగుళాల ఎడంతో చుక్కలు పెడదాం.

3. వెడల్పాటి మూకుడులో కొద్దిగా నీళ్ళు పోసి, రోజూ కడిగి మారుద్దాం. మురికి నీళ్ళు రోగాలు అంటిస్తాయి.

4. పతంగుల మాంజా రెక్కల్ని కోస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. పిల్లలకు మామూలు నూలు దారమే కొనిద్దాం. చెట్లకు చిక్కిన దారం తీసేద్దాం.

ముస్లిం నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా అది అతనికి సదఖాయేనని ప్రవక్త (సఅసం) బోధించారు. ఆ పక్షి రేపు వెళ్ళిపోతుంది, మనం గుర్తుండం. ప్రతిఫలం మాత్రం అల్లాహ్ వద్ద భద్రం.