ఎండ పనికి పోయే ముందు ఏం తాగాలి? తైద అంబలి, సల్ల, గోలీ సోడా సంగతులు

అంబలి కలిపే పద్ధతి పైన వీడియోలో చూపించిన. వీడియో లెంగ్త్ ఎక్కువైతదని అక్కడ చెప్పకుండా వదిలేసిన ముచ్చట్లు ఇక్కడ రాస్తున్న. కొంచెం ఓపికగా చదవండి, ఇది ఎండాకాలంలో పనికొచ్చే పాఠం.

మాది గంభీరావుపేట. నా చిన్నప్పుడు మా బాపమ్మ రాత్రి పడుకునే ముందు మట్టికుండలో తైద పిండి నానబెట్టేది. పొద్దున ఆరు కొట్టకముందే బాపు ఒక చెంబు అంబలి తాగి, ఉల్లిగడ్డ కొరుక్కుంట చెల్కకు పోయేటోడు. పదకొండు గంటలకు సల్ల. సాయంత్రం ఇంటికొచ్చినంక మళ్లీ సల్ల. అంగడి రోజు మాత్రం పిల్లలకు గోలీ సోడా. బండి అతను బొటనవేలితో గోలీని లోపలికి నొక్కితే కుయ్యిమని వచ్చే సప్పుడు కోసమే మేము ఏడ్చేటోళ్లం, సోడా కోసం కాదు.

ఇవన్నీ తలచుకుంటే బాగనే ఉంటది. కానీ నేను ఈ పోస్టు రాయడానికి కారణం వేరే ఉంది.

రెండేండ్ల కింద యాసంగి వడ్లు ఆరబోసిన కాడ మా పెద్దబాపు పడిపోయిండు. మధ్యాహ్నం రెండు గంటలు. పొద్దున చాయి తాగి వచ్చిండు, అంతే. కుప్ప మీద పరదా కప్పుడు, తీసుడు, మళ్లీ నేర్పుడు. మనిషి ఒళ్లు కాలిపోతుంది, మాట తడబడుతుంది, మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఒకరు ఉల్లిగడ్డ కోసి అరికాళ్లకు రుద్దుతున్నరు. ఇంకొకరు దుకాణం నుంచి కూల్ డ్రింక్ తెచ్చి నోట్లో పోయబోయిండు. అప్పుడే అటుగా వచ్చిన ఆశ వర్కర్ అక్క ఆ సీసా గుంజుకొని, "సోయి లేనోనికి నోట్ల పోస్తే ఊపిరితిత్తులకు పోతది" అని గట్టిగ అరిచింది. నీడకు తెచ్చినం, బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు చల్లినం, తడిబట్టలు కప్పి విసిరినం, 108కు ఫోన్ చేసినం. మూడు రోజులు సిరిసిల్ల దవాఖానలో ఉండి బతికిండు.

డిప్లొమాలో మొక్కకు నీళ్లు ఎప్పుడు పెట్టాలో చదువుకున్న నాకు, మనిషికి నీళ్లు ఎప్పుడు పెట్టాలో అప్పటిదాకా తెల్వదు. అందుకే పాత తాగుళ్లు ఒక్కొక్కటి పట్టుకొని, ఏది ఎందుకు పనిచేస్తదో చూసిన.

ముందుగా లెక్క అర్థం చేసుకోండి. ఎండలో గట్టి పని చేస్తే గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. చెమటతో పోయేది నీళ్లే కాదు, ఉప్పు కూడా. ఉత్త నీళ్లే బిందెలకొద్దీ తాగితే ఉప్పు లోటు తీరదు. మన పేగులో ఉప్పు, గ్లూకోజు రెండూ కలిసి లోపలికి పోతయి, వాటి వెంట నీళ్లు పోతయి. ఓఆర్ఎస్ పనిచేసేది ఈ సూత్రం మీదనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని నిలబెట్టిండు. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు మంచినీళ్లకు ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఇప్పుడు ఉప్పేసిన గంజిని చూడండి. గంజిలో పిండి పదార్థం పేగులో మెల్లగా గ్లూకోజు అయితది, ఉప్పు పక్కనే ఉంది. బాపమ్మకు పేరు తెల్వదు గానీ పని తెలుసు.

ఇగ అంబలి. ఒక గ్లాసు తైద పిండిని (రాగి పిండి అంటరు కదా, అదే) రెండు గ్లాసుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మట్టికుండలో పోసి, బట్ట కట్టి రాత్రంతా ఉంచండి. ఎండాకాలంలో ఎనిమిది, పది గంటలకు పుల్లటి వాసన, సన్న బుడగలు వస్తయి. పొద్దున ఐదు గ్లాసుల నీళ్లు మరగబెట్టి, ఈ పిండినీళ్లు పోసుకుంట ఆపకుండా కలపాలి. సన్నమంట మీద పది నిమిషాలు. పచ్చివాసన పోయి నిగనిగ మెరిస్తే దించండి. మా ఇంట్లో గుప్పెడు నూకలు కూడా వేస్తరు, చిక్కగా వస్తది. పూర్తిగా చల్లారినంకనే రెండు గ్లాసుల పల్చటి సల్ల, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు. వేడి మీద సల్ల పోస్తే అందులో ఉన్న మంచి సూక్ష్మజీవులు చస్తయి. జీవామృతం డ్రమ్ములో ఉడుకు నీళ్లు పోస్తమా? ఇదీ అంతే. పులియబెట్టడంతో తైదల్లో ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతయి. కాల్షియం సంగతి చెప్పక్కర్లేదు, 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటది. మధ్యాహ్నం లోపల తాగేయండి. బూజు, చెడువాసన కనిపిస్తే పారబోయండి, పశువులకు కూడా పెట్టకండి.

సల్లకు పెద్ద పాఠం లేదు. ఒక వంతు పెరుగు, మూడు నాలుగు వంతుల నీళ్లు, లీటరుకు అర టీ చెంచా ఉప్పు. జీలకర్ర, కరివేపాకు మీ ఇష్టం. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నోళ్లు ఉప్పు ఎంత వేసుకోవాలో డాక్టర్‌ను అడగండి.

గోలీ సోడా మీద నాకు ప్రేమ ఉంది కాబట్టి నిజం చెప్తా. ఆ సీసా మనది కాదు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఆయన 1870ల్లో తయారు చేసిండు. లోపలి గ్యాస్ ఒత్తిడే గోలీని మెడలోని రబ్బరు రింగుకు నొక్కి పెడతది, మూత అక్కర్లేదు. మన దగ్గర దాన్ని సొంతం చేసుకున్నరు. గోదావరి జిల్లా రామచంద్రాపురంలో 1919లో సోడా మిషన్‌తో మొదలైన వాళ్లదే ఇప్పటి ఆర్టోస్. నిమ్మకాయ పిండి ఉప్పేసిన సోడా అయితే ఎండకు కొంత పనికొస్తది. రంగు సోడాలో, కూల్ డ్రింకులో 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల దాకా చక్కెర ఉంటది, ఉప్పు నామమాత్రం. విరేచనాలయిన పిల్లలకు అది పోస్తే విరేచనాలు ఇంకా పెరుగుతయి. సరదాకు తాగండి, మందని తాగకండి.

సుగంధి సోడా గురించి ఒక్క మాట. సుగంధిపాల వేరు తవ్వితే తీగ చస్తది. అడవిలో తవ్వుకపోయేటోళ్లే గానీ పెంచేటోళ్లు లేరు. వేరు ముక్కలు నాటితే వస్తది, గట్ల మీద పెట్టుకోవచ్చు. అంగట్లో సీసాల్లో చాలావరకు వాసన ఎసెన్సే, లేబుల్ చదవండి.

ఉల్లిగడ్డ విషయానికొస్తే, అంబలిలో నంజుకుంటే మంచిదే. జేబులో పెట్టుకుంటే, అరికాళ్లకు రుద్దితే వడదెబ్బ ఆగదు. మనిషి తికమకగా మాట్లాడినా, సోయి తప్పినా రుద్దుకుంట కూర్చోకండి. చల్లబరచండి, 108కు ఫోన్ చేయండి.

పెద్దబాపు ఇంటికొచ్చినంక నాకు ఆవేశం వచ్చి అంబలిని సీసాల్లో పట్టి అమ్ముదామనుకున్న. నలభై సీసాలు నింపిన. అంబలి లోపల పులుస్తనే ఉంటది, గ్యాస్ వదుల్తనే ఉంటది. ఆటోలో తీసుకపోతుంటే మూతలు పటపట ఎగిరినయి. ఆటో అన్న చొక్కా కడిగిచ్చిన. ఇప్పుడు ఎఫ్ఎస్ఎస్ఎఐ రిజిస్ట్రేషన్ చేయించుకొని పిండి మాత్రమే అమ్ముతున్న, కలుపుకునుడు మీ పని.

అసలు కష్టం పిండి కాడ ఉంది. మా దిక్కు ఎటు చూసినా వరే. మా నర్మాల ఎగువ మానేరు కింద నీళ్లుంటే వరి వేయకుండా ఎవరుంటరు, నేను కూడా వేసిన. చెల్కలు మడులైనంక తైదలు కొనుక్కునే సరుకైంది, కుండలో అంబలి అప్పుడే పోయింది. అందుకే పోయిన వానాకాలం అర ఎకరం తైద వేసిన. నాటేటట్టయితే ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలు, మూడు వారాల నారు నాటాలి, ఎకరానికి 200 లీటర్ల జీవామృతం పారే నీళ్లతో ఇచ్చిన. వరితో పోలిస్తే నీళ్లు చానా తక్కువ తాగింది. పిట్టల బెడద మాత్రం ఉంది, అర ఎకరం ఒక్కనిదే అయితే ఊరి పిట్టలన్నీ అక్కడికే వస్తయి. పక్క రైతుతో మాట్లాడి ఇద్దరు ముగ్గురు కలిసి వేయండి.

నారు పోసుడు వచ్చే వీడియోలో చూపిస్తా. పెద్దబాపు కూడా అందులో ఉంటడు. ఇప్పుడు ఆయన సైకిల్‌కు రెండు లీటర్ల సల్ల సీసా వేలాడుతుంటది, ఉప్పు తక్కువైందని రోజూ మా పెద్దమ్మతో పంచాయితే.