దేవుడున్నాడా అని అడిగిన మనవరాలికి

చిరంజీవి మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. హాస్టల్లో అర్ధరాత్రి దాకా వాదన సాగిందనీ, ఒక స్నేహితురాలు “దేవుడున్నాడనడానికి రుజువేదీ?” అని నిలదీస్తే, ఇంకో అమ్మాయి “అలా అడగడమే పాపం” అందనీ, ఇద్దరి మధ్యా నీకు నోరు పెగల్లేదనీ రాశావు.

ముందు ఆ రెండో మాట సంగతి. అడగడం పాపం కాదు తల్లీ. దాదాపు వెయ్యేళ్ల కింద మిథిలలో ఉదయనాచార్యుడు ఆ ప్రశ్నకు జవాబుగానే న్యాయకుసుమాంజలి రాశాడు. అయిదు స్తబకాల, అంటే అధ్యాయాల, గ్రంథం. ఈశ్వరుడు లేడనేవాళ్ల ఆక్షేపణలను ఒక్కొక్కటే ఎత్తుకుని పరీక్షిస్తాడు. శ్రుతివల్ల విన్నదాన్ని యుక్తితో తరచి చూడటం మననమనీ, ఆ మననం కూడా ఉపాసనేననీ మొదట్లోనే చెప్పాడు. కాబట్టి నీ సందేహాన్ని మనసులోనే అణచుకోకు.

ఇక ఉదయనుడి న్యాయశాస్త్రం చెప్పే వాదానికి వద్దాం. “భూమికీ మొలకకూ ఒక కర్త ఉన్నాడు.” ఇది ప్రతిజ్ఞ. “ఎందుకంటే అవి కార్యాలు, అంటే ఒకప్పుడు లేక తరవాత పుట్టినవి.” ఇది హేతువు. “కార్యమైన ప్రతిదానికీ కర్త ఉంటాడు, కుండకు కుమ్మరి ఉన్నట్టు.” ఇది ఉదాహరణ. “ఇవీ అలాంటి కార్యాలే” అనడం ఉపనయం, “కనుక వీటికీ కర్త ఉన్నాడు” అని ముగించడం నిగమనం. భూమి పుట్టడం ఎవరు చూశారు అంటావేమో. అవయవాలున్న ప్రతి వస్తువూ ఆ అవయవాలు కలిస్తే ఏర్పడిందే కనుక భూమీ పుట్టిందే అంటారు నైయాయికులు, అంటే ఆ న్యాయశాస్త్రం వాళ్లు.

కుమ్మరి నుంచి సర్వజ్ఞుడి దాకా ఎలా వెళ్లారన్నది అసలు విషయం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, మన తెలుగువాడే, 17వ శతాబ్దివాడు. తన గ్రంథానికి తానే దీపిక అనే వ్యాఖ్య రాసుకుని, అందులో ఈ అనుమానాన్ని, అంటే హేతువును బట్టి తేల్చే ఈ వాదాన్ని, చూపించాడు. కర్త అనిపించుకోవాలంటే మూడు ఉండాలన్నాడు: దేనితో చేస్తున్నాడో ఆ ఉపాదానం ప్రత్యక్షంగా తెలిసి ఉండాలి, చేయాలన్న ఇచ్ఛ ఉండాలి, ప్రయత్నం ఉండాలి. కుండకు ఉపాదానం మట్టి, అది కుమ్మరికి కళ్లెదుటే ఉంది. భూమికి ఉపాదానం పరమాణువులు. వాటిని ప్రత్యక్షంగా ఎరిగినవాడు నీలాంటి నాలాంటి జీవుడు కాలేడు. అలా ఎరిగినవాడే ఈశ్వరుడు. ఒక్క సంగతి గుర్తుంచుకో. ఈ ఈశ్వరుడు శూన్యంలోంచి లోకాన్ని పుట్టించినవాడు కాడు. న్యాయమతంలో పరమాణువులూ ఆత్మలూ నిత్యాలే, వాటిని కూర్చి నడిపేవాడు ఈశ్వరుడు. ఇతర మతాలవాళ్ల సృష్టివాదం మీద చేసిన విమర్శను తెచ్చి దీనిమీద పెడితే సగం అతకదు.

ఉదయనుడు ఇంకా ఎన్నో యుక్తులు చెప్పాడు. జడమైన పరమాణువులు సృష్టి ఆరంభంలో కలవాలంటే చేతనుడి ప్రేరణ కావాలన్నాడు. లోకం పడిపోకుండా నిలబడిందంటే నిలిపేవాడు ఉండాలన్నాడు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం కర్మఫలం మీద నడిచే వాదం. చేసిన పని ముగిసిపోతుంది, ఫలం ఎప్పుడో వస్తుంది. మధ్యలో మిగిలే అదృష్టానికి, అంటే కంటికి కనిపించని పుణ్యపాపాలకు, తెలివి లేదు. ఏ పనికి ఏ ఫలమో, ఎవరికి ఎప్పుడో, తెలివిలేనిది ఎలా సర్దుతుంది? తెలిసి నడిపే అధ్యక్షుడు కావాలంటారు నైయాయికులు. లోకంలో న్యాయం ఉండాలని మనసులో ఎక్కడో కోరుకునే ప్రతివాణ్ణీ ఈ ప్రశ్న తాకుతుంది.

ఇప్పుడు ఎదుటిపక్షం విను. దాన్ని చులకనగా చూడకు. బౌద్ధుడైన ధర్మకీర్తి పుట్టను చూపించాడు. పుట్టా మట్టితో అయిందే, కుండా మట్టితో అయిందే. కుండకు కుమ్మరి ఉన్నాడు కదా అని పుట్టను కూడా కుమ్మరే చేశాడంటామా? కుండలాంటి వస్తువును కుమ్మరి చేస్తుండగా చూశాం కనుక కుండను చూసి కుమ్మరిని ఊహిస్తాం. కొండను ఎవరూ చేస్తుండగా చూడలేదు. “కార్యం” అన్న ఒకే మాట కింద రెంటినీ చేర్చినంత మాత్రాన వ్యాప్తి, అంటే ఇది ఉన్నచోటల్లా అదీ ఉంటుందన్న నియమం, కుదరదన్నాడు. వేదాన్ని ప్రాణంగా చూసుకునే కుమారిల భట్టు కూడా సృష్టికర్తను ఒప్పుకోలేదు. శరీరం లేనివాడు ఎలా చేస్తాడు, ఏ ప్రయోజనం కోరి చేస్తాడు అని అడిగాడు.

పరమభక్తులైన రామానుజులు కూడా శ్రీభాష్యంలో ఈ అనుమానాన్ని ఖండించారు. భూమీ కొండలూ అన్నీ ఒక్కసారే పుట్టాయనీ, ఒక్కడే చేశాడనీ ఏ అనుమానం చెబుతుంది, పెద్దపెద్ద పనులు ఎందరో కలిసి చేయడం చూడటంలేదా అన్నారు. బ్రహ్మాన్ని తెలుసుకోవడానికి శాస్త్రమే ప్రమాణమని వారి నిర్ణయం. శంకరులూ యుక్తిని కాదనలేదు గాని, దాన్ని శ్రుతికి తోడుగానే ఉంచారు. నైయాయికుల దగ్గర వీటికి సమాధానాలున్నాయి: కర్తకు చెప్పిన లక్షణంలో శరీరం లేదు, ఒక్కడితో సరిపోయేచోట పదిమందిని కల్పించడం గౌరవదోషం, అంటే అక్కర్లేని బరువు. ఆ సమాధానాలు చాలుతాయో లేదో నువ్వే తూచుకోవాలి.

ఇంత రాసింది నువ్వు వాదనలో గెలవాలని కాదు. ఒక్కటే చెప్పదలచుకున్నాను: ఏ వాదం ఎంతవరకు నిరూపిస్తుందో అంతవరకే దాన్ని నమ్ము, అంతవరకే ఇంకొకరికి చెప్పు. కార్యహేతువు నిలబడితే తెలివిగల కర్త సిద్ధిస్తాడు. మీ అమ్మమ్మ రోజూ దీపం పెట్టి దయ చూడమని వేడుకునే దైవం ఆ ఒక్క హేతువుతో సిద్ధించడు. అక్కడికి చేర్చేది శ్రుతి, భక్తి, అనుభవం. అలాగే ఒక హేతువు వీగిపోతే ఆ హేతువు వీగిపోయినట్టే, దేవుడు లేడని తేలినట్టు కాదు. నీ స్నేహితురాలికి ఈ రెండూ కలిపే చెప్పు.

వాదానికి కూర్చునేముందు నీ హేతువులో దోషం ఉందేమో నువ్వే వెతుక్కో. న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండ అని విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసమే చేసేది జల్పం, తన పక్షమే లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడం వితండ. అర్ధరాత్రి దాటాక గొంతులు పెరిగాయంటే అది వాదం కాకుండా పోయిందని తెలుసుకుని లేచి వచ్చెయ్.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ లేవనీ, జీవుల కర్మను బట్టే ఫలమిస్తాడనీ బ్రహ్మసూత్రాలు చెబుతాయి. అది సిద్ధాంతచర్చలో చెప్పదగిన సమాధానం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర ఆ మాట ఎత్తకు. అక్కడ నువ్వు చేయవలసింది ఆమె పక్కన కూర్చుని ఆమె చెప్పేది వినడం.

నమ్మని స్నేహితురాలిని దూరం చేసుకోకు. ఉదయనుడు అంత వాదించీ తన గ్రంథం చివర, ఈ యుక్తులకు కూడా మనసు కరగనివారి కోసం భగవంతుణ్ణి ప్రార్థించాడు. విరోధంగానైనా వాళ్లు నిన్నే తలుస్తున్నారు కదా, దయతో నువ్వే వాళ్లను దాటించు అని వేడుకున్నాడు. ఎదుటివాడి వాదాన్ని అంత నిశితంగా ఖండించినవాడే ఎదుటివాడి మేలు కోరాడు. నువ్వు నేర్చుకోవలసిన పద్ధతి అదే.

సెలవులకు వచ్చేటప్పుడు తర్కసంగ్రహం దీపికతో సహా తెచ్చుకో. ఈశ్వరానుమానం ఉన్న భాగం కలిసి చదువుదాం. నీ స్నేహితురాలిని కూడా తీసుకురా. పూర్వపక్షం ఆమె చెబుతుంది, సిద్ధాంతం నువ్వు చెప్పు. మర్నాడు ఇద్దరూ పక్షాలు మార్చుకోండి.

ఆశీస్సులతో,
తాతయ్య