తూనీగకు అడుగు దూరంలో

తెలుగు పల్లెల్లో బాల్యం గడిపినవారిలో తూనీగ తోకకు దారం కట్టి ఎగురవేయనివారు అరుదు. వానలు మొదలయ్యే రోజుల్లో, సాయంకాలం వేళ, ఖాళీ స్థలాల మీద గుంపులుగా తిరిగే బంగారు వన్నె తూనీగలను చూసి పెద్దలు వాన రాబోతున్నదని చెప్పేవారు. పిల్లలు దారపుండ కోసం వెదికేవారు. నేనూ ఆ పిల్లలలో ఒకడినే. తూనీగను చేతితో పట్టుకోవడమే దానిని చూడడమని ఆనాడు భావించేవాణ్ణి. ఎన్నో ఏళ్ల తరువాత కెమెరాతో ఒక చెరువుగట్టున మోకాళ్ల మీద కూర్చొన్నప్పుడు గాని, ఆ ప్రాణి ఎలా బ్రతుకుతుందో నాకు తెలియలేదు.

తూనీగల వంశం అతి ప్రాచీనమైనది. దాదాపు 30 కోట్ల సంవత్సరాల క్రితమే వాటిని పోలిన కీటకాలు భూమిపై ఎగిరాయి. వాటిలో కొన్నింటి రెక్కల విస్తారం రెండడుగులకు పైగా ఉండేదని శిలాజాలు తెలుపుతున్నాయి. నేటి తూనీగ తలలో అధికభాగం కళ్లే. ఒక్కొక్క కంటిలో వేలకొలది, కొన్ని జాతులలో 28,000 వరకు, చిన్న చిన్న కటకాలుంటాయి. అందువల్ల అది ముందుకే గాక పైకి, పక్కలకు, చాలావరకు వెనుకకు కూడా చూడగలదు. నాలుగు రెక్కలను వేరువేరుగా ఆడించగలదు. గాలిలో వెంటాడిన చిన్న పురుగులలో నూటికి తొంభైకి పైగా దాని వాత పడతాయని పరిశోధకులు గమనించారు. ఇంతటి చూపు, ఇంతటి వేగం గల ప్రాణికి అడుగు దూరంలోకి చేరి ఛాయాచిత్రం తీయడమెలా?

వెంటపడితే మాత్రం సాధ్యం కాదు. నేను మొదటి నెల రోజులూ వెంటపడ్డాను. ఫలితంగా నా వద్ద మిగిలినవి ఖాళీ గడ్డిపరకల చిత్రాలు! తరువాత తెలిసిన సంగతి ఏమంటే, తూనీగలలో పగలంతా గాలిలోనే తిరిగేవి కొన్ని, ఒకచోట వాలి కాపు కాసేవి కొన్ని. కాపు కాసేది ఒక పుల్ల కొనను ఎంచుకొని కూర్చొంటుంది. ఆహారమో, ప్రత్యర్థియో కంటబడగానే ఎగిరిపోయి, తరచుగా మళ్లీ అదే కొనకు తిరిగి వస్తుంది. అది ఎగిరిన దిక్కుకు పరుగెత్తక, ఖాళీగా ఉన్న ఆ కొనకు ఒక అడుగు దగ్గరగా జరిగి, కదలక మెదలక ఉండాలి. అది వచ్చి వాలుతుంది. మళ్లీ ఎగిరినప్పుడు మరొక అడుగు. మన నీడ దానిపై పడకూడదు. నిలువెత్తున నడిచి రాక, వంగి, నెమ్మదిగా చేరాలి.

చేరిన తరువాత మరొక చిక్కు ఎదురవుతుంది. అతి సమీపం నుంచి తీసే చిత్రంలో స్పష్టంగా కనిపించే లోతు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. కంటిపై ఫోకస్ నిలిపితే తోక మసకబారుతుంది. కాబట్టి కెమెరాను తూనీగ దేహానికి సమాంతరంగా పట్టి, పక్క నుంచి తీయడం మేలు. ఎపర్చర్ ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 వరకు, షట్టర్ వేగం సెకనులో 250వ వంతు లేదా అంతకంటె తక్కువ సమయం ఉంటే, గాలికి ఊగే గడ్డి మీద కూడా కొంత ఆశ ఉంటుంది. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో తూనీగను దాని అసలు పరిమాణంలో తీయాలంటే లెన్సు కొనకు, దానికి మధ్య జానెడు దూరం కూడా మిగలదు. 300 మిల్లీమీటర్ల లెన్సుతో నాలుగైదు అడుగుల నుంచి తీయవచ్చు. ఏ లెన్సూ లేని విద్యార్థికి చలికాలపు ఉదయమే లెన్సు. చల్లబడిన రెక్కల కండరాలు వేడెక్కనిదే తూనీగ ఎగరలేదు. మంచుబిందువులతో మెరుస్తూ గడ్డిని పట్టుకొని ఉన్నప్పుడు సెల్‌ఫోనుతో సైతం దగ్గరకు వెళ్లవచ్చు. రెక్కలు వణకడం మొదలైతే అది ప్రయాణానికి సిద్ధమవుతున్నదని గ్రహించాలి.

ఒక ఎర్రని తూనీగ మధ్యాహ్న సమయాలలో తోకను నిటారుగా ఆకాశంవైపు ఎత్తి నిలిచేది. అందమైన భంగిమ అనుకొని తీశాను. ఇంటికి వచ్చి చిత్రాల వేళలు సరిచూస్తే, ఉదయం తీసిన ఒక్కదానిలోనూ ఆ భంగిమ లేదు. నడినెత్తిన ఉన్న సూర్యునికి తోకకొనను చూపితే దేహంపై పడే ఎండ తగ్గుతుంది. అది దాని గొడుగు.

ఒక తప్పు కూడా చెప్పాలి. ఒక వేకువన చెరువు అంచున తుంగకాడకు వేలాడుతున్న తూనీగను చూశాను. నీటిలో డింభకంగా పెరిగి, కాడ నెక్కి, వీపు చర్మం పగిలి అప్పుడే బయటపడింది. రెక్కలు తడి కాగితంలా ముడతలు పడి ఉన్నాయి. అవి విచ్చుకొని గట్టిపడే వరకు దానికి కదలిక లేదు. ముందు అడ్డంగా ఉన్న ఒక ఆకును పక్కకు వంచాను. కాడ అదిరింది. తూనీగ బురదలో పడింది. దానిని పైకి తీసి పుల్లపై నిలిపాను గాని, ముడతలతోనే గట్టిపడిన రెక్కలు ఇక విచ్చుకోవు. ఆ ఆకు అడ్డు లేని చిత్రం నా వద్ద ఉంది. ఎవరికీ చూపలేదు. అప్పటినుంచి అడ్డున్న ఆకును అడ్డుగానే ఉండనిస్తున్నాను.

భారతదేశపు తూనీగలను గురించి సైనిక వైద్యుడైన ఫ్రేజర్ రచించిన మూడు సంపుటాలు 1933 నుంచి 1936 వరకు వెలువడ్డాయి. నేటికీ అవి ప్రామాణికాలు. ఆ కాలంలో తూనీగను గుర్తించాలంటే వలతో పట్టి, చంపి, ఎండబెట్టవలసి వచ్చేది. ఎండిన తూనీగకు కంటిరంగు నిలవదు, దేహపు వన్నెలు వెలిసిపోతాయి. ఛాయాచిత్రం వాటిని నిలుపుతుంది. పక్క నుంచి, పైనుంచి, ముఖాన్ని ఎదురుగా తీసిన మూడు చిత్రాలుంటే చాలా జాతులను గుర్తించవచ్చు. అన్నింటినీ కాదు. కొన్నింటిని చేతిలోకి తీసుకోనిదే నిపుణులు సైతం చెప్పలేరు. ఇందుకు అడవులకు వెళ్లనక్కరలేదు. గ్రానైట్ ఘోస్ట్ అనే బూడిదరంగు తూనీగ రాతిగోడలపై వాలి రాతిలో రాయిగా కలిసిపోతుంది, సిమెంటు తొట్లలోని నీటిలో గుడ్లు పెడుతుంది. మీ కళాశాల ప్రహరీగోడపైనే అది ఉండవచ్చు.

ఇక నేను బాల్యంలో దారం కట్టిన ఆ బంగారు వన్నె తూనీగ సంగతి. వానల వేళ గుంపులుగా ఎగిరేవి చాలావరకు పాంటాలా ఫ్లావెసెన్స్ అనే జాతివి. ఉపరితలాన మంచినీరు దాదాపు లేని మాల్దీవుల దీవులకు ఏటా అక్టోబరులో ఇవి లెక్కకు మించి రావడం చూసి, చార్లెస్ ఆండర్సన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త ఆశ్చర్యపోయారు. ఇవి రుతుపవనాల గాలులతో భారతదేశం నుంచి హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు చేరుతాయని, వాటి సంతతి తిరిగి వస్తుందని, కొన్ని తరాలు కలిసి పూర్తి చేసే ఈ రాకపోకల దూరం 14,000 నుంచి 18,000 కిలోమీటర్లని 2009లో ప్రతిపాదించారు. నేను దానికి మూరెడు దారం కట్టాను.

ఈ తూనీగ పగటివేళ అరుదుగా వాలుతుంది కనుక చిత్రానికి సులభంగా చిక్కదు. నా వద్ద ఉన్న మంచి చిత్రం ఒక్కటే. చీకటి పడబోయే వేళ, మా వీధి చివర కంచెలోని ఎండుకొమ్మకు నిలువుగా వేలాడుతూ కనిపించింది. చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే నాలుగు రెక్కల అంచులూ చిరిగి ఉన్నాయి.