చేప కాని నక్షత్రచేప

ఈ హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదివిన రోజుల్లో నక్షత్రచేప అంటే మాకు నాలుగు మార్కుల ప్రశ్న. ఎకైనోడెర్మేటా వర్గం, నాళికా పాదాలు అని బట్టీ పట్టి రాసేవాళ్ళం. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి తరం మాదే. "ఈ పురుగూ పుట్రా చదివితే ఏమొస్తుంది?" అని ఇంట్లో అడిగితే జవాబు చెప్పలేకపోయేవాళ్ళం. పీజీ జువాలజీలో చేరాక దొరికిన జవాబును తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా, నక్షత్రచేప చేప కాదు. దానికి వెన్నెముక లేదు, మెదడు లేదు. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో, అలాస్కా నుండి కాలిఫోర్నియా దాకా, చల్లని సముద్రపు రాళ్ళను పట్టుకొని బతికే ఒక జాతి ఉంది. దాని పేరు పిసాస్టర్ ఒక్రేసియస్. సాధారణంగా ఐదు భుజాలు, ఊదా లేదా నారింజ రంగు. మస్సెల్స్ అనే ఆల్చిప్పలు దీని ముఖ్య ఆహారం. నాళికా పాదాలతో చిప్పను లాగి, కొద్దిపాటి సందు దొరకగానే తన జీర్ణాశయాన్నే నోటి గుండా బయటికి తెచ్చి అందులోకి దూర్చి, అక్కడే జీర్ణం చేసుకుంటుంది!

ఇది లేకపోతే ఏమవుతుంది? 1963లో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్న వేసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్ళు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, మకా తెగవారి తీరాన, సుమారు 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు ఉన్న రాతి భాగాన్ని ఎంచుకున్నారు. అక్కడి నక్షత్రచేపలను గునపంతో ఊడదీసి సముద్రంలోకి విసిరేశారు. పక్క భాగాన్ని మాత్రం ముట్టుకోలేదు.

తీసేసిన చోట మొదట బార్నకిల్స్ పరచుకున్నాయి. తర్వాత వాటిని తోసేస్తూ మస్సెల్స్ రాయినంతా ఆక్రమించసాగాయి. అక్కడున్న 15 జాతుల్లో 8 మాత్రమే మిగిలాయి. అంటే నక్షత్రచేప మస్సెల్స్‌ను తింటూ మిగతా జీవులకు చోటు కల్పిస్తోందన్నమాట. కమాను నడినెత్తిన ఉండే రాయిని తీస్తే కమాను కూలుతుంది కదా! ఆ పోలికతోనే పెయిన్ 1969లో ఇలాంటి జీవికి 'కీస్టోన్ స్పీసీస్', అంటే కీలక జాతి, అని పేరు పెట్టారు.

2013 నుండి ఆ తీరంలో నక్షత్రచేపలు భుజాలు రాలి, కరిగిపోయినట్లుగా చనిపోవడం మొదలైంది. పిసాస్టర్ కూడా ఈ వ్యాధి బారిన పడింది. పొద్దుతిరుగుడు నక్షత్రచేప అనే మరో జాతిలో దీనికి కారణం విబ్రియో పెక్టెనిసైడా అనే బాక్టీరియా అని 2025లో తేల్చారు. మన పుస్తకాల్లోని కలరా బాక్టీరియా కూడా విబ్రియో ప్రజాతిదే. కారణం తెలియడానికి పన్నెండేళ్ళు పట్టింది.

ఇక ఇంట్లో అడిగిన ప్రశ్నకు మా జవాబు: ఒక జీవి విలువ అది పోయాక కాదు, ఉండగానే తెలుసుకోవడానికి చదవాలి. పెయిన్ చేతిలో ఉన్నవి గునపం, ఓపిక, ఒక మంచి ప్రశ్న. గునపం మన ఇళ్ళలోనూ ఉంది. ఈ సెలవుల్లో మీ ఊరి చెరువు గట్టున ఒక మీటరు చదరం గీయండి. అందులో ఎన్ని రకాల జీవులున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. మళ్ళీ సెలవులకు వెళ్ళినప్పుడు అదే చోట లెక్కపెట్టండి. తేడా కనిపిస్తే 'ఎందుకు?' అని అడగండి. చదువు అక్కడే మొదలవుతుంది.