హెబ్రీ పత్రికలోని ‘మార్పులేని యాజకత్వము’ : ఒక పదవిచారము

క్రైస్తవ నూత్న నిబంధనలో హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 13 అధ్యాయముల గ్రంథము. దాని కర్త యెవరో నిశ్చయముగా తెలియదు. మూడవ శతాబ్దమునందే ఆరిజెన్ పండితుడు ఆ సంగతి దేవునికే యెఱుక యని విడిచిపెట్టెను. క్రీస్తును యాజకుడని స్పష్టముగా పేర్కొని, ఆ భావమును సాంగోపాంగముగా చర్చించిన గ్రంథము నూత్న నిబంధనలో ఇది యొక్కటియే. ఆ చర్చకు ఆయువుపట్టు ఏడవ అధ్యాయము, 24వ వచనము. క్రీస్తు ఎల్లకాలము నిలుచువాడు గనుక ఆయన యాజకత్వము ‘అపరాబతోస్’ అని గ్రీకు మూలము. ఈ విశేషణమును తెలుగు బైబిలు ‘మార్పులేని’ యని అనువదించినది. అనువాదము తప్పు గాదు. కాని ఆ మాట భారతీయ పాఠకునికి స్ఫురింపజేయు అర్థమునకును, మూలగ్రంథకర్త వాదమునకును నడుమ ఎడము గలదని నాకు తోచుచున్నది.

స్వరాష్ట్రమునకు దూరముగా తెలుగు బోధించువారికి ఒక లాభము గలదు. తరగతిలో తెలుగు వారికంటె ఇతరులే ఎక్కువగా ఉందురు గనుక, మన మాటను మనము పరాయి కన్నుతో చూచుకొనవలసివచ్చును. ఒకనాడు అనువాద పరిభాషను చర్చించుచు దక్షిణదేశ భాషల బైబిళ్లను బల్లపై పరచితిమి. యాజకవాచకమునందే భేదము కనబడినది. తెలుగు, కన్నడములు ‘యాజక’ శబ్దమును గ్రహించినవి. తమిళము ‘ఆచార్య’ శబ్దమును, మలయాళము ‘పురోహిత’ శబ్దమును ఎన్నుకొన్నవి. ఈ మూడింటిలో యజ్ఞక్రియను సూచించునది మనదే. ఆచార్యుడు బోధకుడు, పురోహితుడు ముందు నిలుపబడినవాడు. (ఇదే పత్రిక ఆఱవ అధ్యాయమున క్రీస్తును ‘ముందుగా వెళ్లినవాడు’ అను అర్థము గల మాటతో పేర్కొనినది గనుక, మలయాళ పదమునకు అనుకోని సొగసు అబ్బినది.) పిమ్మట 24వ వచనమునకు వచ్చితిమి. తమిళమున ‘మాఱిప్పోగాద’, మలయాళమున ‘మాఱాత్త’, తెలుగున ‘మార్పులేని’. మూడింటికిని మూలము ఒక్కటే. అయినను ఒక తమిళ విద్యార్థి తన పాఠమును ‘మఱియొకరికి పోని’ యాజకత్వమని అన్వయించెను. మన పాఠమునుండి ఆ యర్థము పుట్టదు. ఏలయని విచారింపగా దొరకిన సంగతులివి.

గ్రీకు పదమున ‘అ’ నిషేధార్థకము. ‘పరా’ ప్రక్కకు, ఆవలికి అను అర్థములు గల ఉపసర్గము. మిగిలినది ‘నడచు, పోవు’ అను ధాతువు. ఇది సంస్కృత ‘గమ్’ ధాతువునకు జ్ఞాతి. దీని అర్థవిషయమున రెండు పక్షములు గలవు. మొదటిది ‘అతిక్రమింపరానిది’, అనగా భంగములేనిది, స్థిరమైనది. రెండవది ‘సంక్రమింపనిది’, అనగా ఒకరినుండి మఱియొకరికి పోనిది. సంస్కృతమున ఒకే ‘క్రమ్’ ధాతువు ఉపసర్గభేదముచే ఈ రెండర్థములను ఇచ్చుట మనకు సౌకర్యము. పూర్వకాలపు గ్రీకు వ్యాఖ్యాతలలో కొందఱు ఈ పదమును ‘ఉత్తరాధికారి లేనిది’ అని వివరించిరి. కాని వాడుకను పరిశీలించినచో మొదటి పక్షమే బలవత్తరము. ఈజిప్టులో దొరకిన గ్రీకు పత్రములలో ఈ మాట ఉల్లంఘింపరాని ఒడంబడిక వంటి అర్థముతో వచ్చుచున్నది. అనువాదములు ఈ సందిగ్ధమును ఎఱిగియే నడచినవి. లాటిను వుల్గాత ‘శాశ్వతము’ అని సరిపుచ్చుకొన్నది. 1611 నాటి ఆంగ్లానువాదము మూలమున ‘మార్పులేని’ యని వ్రాసి, అంచున ‘ఒకరినుండి మఱియొకరికి పోని’ యను పాఠాంతరమును ఇచ్చినది.

కోశములు మొదటి పక్షమున నిలిచినపుడు రెండవదానిని విడిచిపెట్టవలదా యని ప్రశ్న. పదమును వాక్యమునుండి పెఱికి తూచినచో విడిచిపెట్టవలసినదే. కాని ముందరి వచనమున ఏమి గలదు? పూర్వపు యాజకులు అనేకులైరి. మరణము వారిని నిలువనీయలేదు గనుక అనేకులైరి. ఈ వాదమున ‘అనేకులు’ అను మాట కేవలము సంఖ్యావాచకము గాదు, దోషనిరూపణము. యూదుల చరిత్రకారుడైన జోసెఫస్ అహరోను మొదలు క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయము దగ్ధమగువఱకు 83 మంది ప్రధానయాజకులను లెక్కించెను. అందు హేరోదు కాలమునుండి కడవఱకు గల 107 సంవత్సరములలోనే 28 మంది. మృత్యువునకు తోడు రాజుల యిష్టాయిష్టములును ఆ పదవిని చేతులు మార్చుచుండెను. ఈ మార్పిడికి మూలచిత్రము సంఖ్యాకాండము 20వ అధ్యాయమున గలదు. హోరు కొండపై మోషే అహరోను వస్త్రములను తీసి అతని కుమారుడైన ఎలియాజరునకు తొడిగెను. అహరోను అక్కడనే మృతినొందెను. తొడుగు మిగిలినది, తొడిగినవాడు పోయెను. పత్రికాకర్త మొదటి అధ్యాయముననే 102వ కీర్తనను ఉదాహరించి, భూమ్యాకాశములు వస్త్రమువలె పాతగిలి మార్చబడుననియు, కుమారుడు మాత్రము ఆ ఆయనయే యనియు చెప్పియుండుట కాకతాళీయము గాదని నా యూహ.

ఇక్కడ ఒక చిక్కు గలదు. అహరోను సంతతి యాజకత్వమును సయితము నిర్గమకాండము 40వ అధ్యాయము ‘నిత్యము’ అనియే చెప్పుచున్నది. అది నిత్యమైనచో ఇది ఏ విధమున అధికము? మన వైయాకరణుల పరిభాష ఇచట మిక్కిలి ఉపకరించును. నిత్యత్వము కేవలము కూటస్థము, నిర్వికారము అయిన వస్తువునకే చెల్లునదిగాదని మహాభాష్యకారుడు పస్పశాహ్నికమున సూచించెను. వ్యక్తులు నశించుచుండినను తత్త్వము చెడనిచో అదియు నిత్యమే. వెనుకటివారు దీనిని ప్రవాహనిత్యత యనిరి. నదిలోని నీరు పోవును, నది నిలుచును. అహరోను వంశపు యాజకత్వము ఇట్టి ప్రవాహనిత్యము. తండ్రి పోయిన కొడుకు వచ్చును, పదవి నిలుచును. మన దేవాలయములలో వంతులును, మిరాసియు ఈ జాతివే. పత్రికాకర్త దీనికి ఎదురుగా నిలుపునది పదవి నిత్యతను గాదు, వ్యక్తి నిత్యతను. అందుకే వంశావళి చెప్పబడని మెల్కీసెదెకును ఆదికాండమునుండి తెచ్చి ఉపమానము చేసెను. తల్లిదండ్రులు చెప్పబడనివానికి మిరాసి లేదు.

అయినచో క్రీస్తు కూటస్థనిత్యుడని చెప్పుదమా? భారతీయ పండితుడు ‘మార్పులేని’ యను మాటను వినగానే చేయు పని ఇదియే; నిర్వికారబ్రహ్మ లక్షణమును తెచ్చి ఇక్కడ అతికించును. కాని ఇదే పత్రిక ఐదవ అధ్యాయమున క్రీస్తు కుమారుడై యుండియు తాను పడిన శ్రమలవలన విధేయతను నేర్చుకొనెననియు, సంపూర్ణుడు చేయబడెననియు చెప్పుచున్నది. నేర్చుకొనువాడు నిర్వికారి యెట్లగును? తరువాతి శతాబ్దముల వేదాంతులకు ఇది తీవ్రమైన ప్రశ్న యయ్యెను. క్రీ.శ. 325లో నికయా సభ, దైవకుమారుడు మార్పుచెందువాడని చెప్పువారిని బహిష్కరించినది. 451లో కాల్సెడను సభ ఆయన దైవ మానుష స్వభావములు మార్పులేకుండ కూడియున్నవని నిర్వచించినది. అథనాసియుసు అరియనులను ఖండించుచు ఈ పత్రిక 13వ అధ్యాయములోని ఎనిమిదవ వచనమును, అనగా క్రీస్తు నిన్నను నేడును ఎప్పటికిని ఒక్కడే యను వాక్యమును, స్వభావపరముగా వినియోగించెను. ఆ వివాదమున ఆయనకు అది అవసరము. దానిని నేను తక్కువ చేయను. కాని ఆ వచనమును దాని స్థానమునందు చదువుదము. దానికి ముందరి వచనము, వాక్యము బోధించి గతించిన నాయకుల జీవితపు ముగింపును తలంచుకొనుడని చెప్పుచున్నది. వెనుకటి వచనము, నానావిధమైన అన్యబోధలచేత కొట్టుకొనిపోవలదని చెప్పుచున్నది. నాయకులు పోయిరి, కొత్తబోధకులు వచ్చుచున్నారు. నడుమ ఒక్కడు పోలేదు. ఇది ఏడవ అధ్యాయపు వాదమే. ఈ పత్రికలో మార్పులేమికి ప్రతియోగి వికారము గాదు, ప్రత్యామ్నాయము. శ్రమలో నేర్చుకొన్నవాడే, ఆ నేర్చినదానితో, మఱియొకరికి చోటు ఇయ్యక నిలిచియున్నాడని దీని భావము. అందుకే 25వ వచనము వెంటనే ఆయన విజ్ఞాపనము చేయుటకు ఎప్పుడును జీవించుచున్నాడని చెప్పుచున్నది.

ఇక తెలుగు మాట. ‘మాఱు’ ధాతువునకు రెండు త్రోవలు గలవు. రంగు మాఱినది, మనసు మాఱినది అనునపుడు వికారము. ఇల్లు చేతులు మాఱినది, దారిలో బండి మాఱితిమి అనునపుడు ఒకటి పోయి మఱియొకటి వచ్చుట. మాఱుతల్లి, మాఱుపేరు, ఒకరికి మాఱుగా ఇంకొకరు అను ప్రయోగములయందు రెండవ యర్థమే. తమిళ మలయాళ పాఠములు క్రియను క్రియగానే నిలిపినవి గనుక రెండు త్రోవలును తెఱచియే యున్నవి. తమిళమున ‘పో’ అను అనుబంధక్రియ కూడ చేరి రెండవ త్రోవను విశాలము చేసినది. తెలుగున మాత్రము అనువాదకులు క్రియను విడిచి ‘మార్పు’ అను నామమును గ్రహించిరి. నేటి వ్యవహారమున ఆ నామము మొదటి త్రోవకే అంకితము. ‘ఆ యింటికి మార్పులేదు’ అనిన అది చేతులు మాఱలేదని ఎవ్వరును గ్రహింపరు.

కావున ఇచట ‘మాఱని యాజకత్వము’ అనుట మేలని నా మతము. గ్రీకు పదములోని రెండు పక్షములును అందు ఇముడును. కోశమునకు విరోధము లేదు, సందర్భమునకును లోటు లేదు. ‘చేతులు మాఱని’ యన్నచో రెండవ యర్థము స్పష్టమగును గాని, స్థిరతార్థము జాఱిపోవును. పైగా అది సంతబేరపు మాటవలె వినబడును. పెక్కు తరములుగా ఆరాధనలలో చదువబడుచు నోళ్లలో నానిన పాఠమును ఒక తెలుగు పంతులు సవరింపబూనుట ఎంతమాత్రము తగదు. 1611 నాటి వారివలె అంచున ఒక పంక్తి చేర్చిన చాలును.