"తండ్రి వృత్తి" గడిలో పట్టని బతుకుతెరువు

ప్రతి ఏటా స్కాలర్‌షిప్ దరఖాస్తులో "తండ్రి వృత్తి" అనే గడి ఉంటుంది. మాలో ఎక్కువమందిమి "వ్యవసాయ కూలీ" అనీ, కొందరం "వ్యవసాయం" అనీ రాస్తాం. నిజానికి చాలా ఇళ్లలో ఆ రెండూ ఉంటాయి. సొంత భూమి లేక కూలికి వెళ్తూనే, ఎకరమో రెండెకరాలో కౌలుకు చేస్తారు.

ఉయ్యూరు చుట్టుపక్కల పొలాలు కృష్ణా కాలువల కింద ఉన్నాయి. విజయవాడ దగ్గర పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. కాలువకు నీళ్లు వదిలారంటే మా ఇళ్లలో పని మొదలైనట్టే. నాట్లకు ఆడవాళ్లు ముఠాగా కలిసి ఎకరం ఇంతకని గుత్తకు మాట్లాడుకుంటారు. చలికాలంలో మగవాళ్లలో కొందరు చెరకు నరకడానికి వెళ్తారు. వచ్చేటప్పుడు తెచ్చిన చెరకు ఆకుతో గేదెకు ఆ పూట మేత గడిచిపోతుంది. తోట్లవల్లూరు వైపు లంకల్లో అయితే పసుపు, కంద, అరటి పనులు దొరుకుతాయి.

కోతల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేల తడిగా ఉన్నప్పుడే, నిలిచి ఉన్న చేలో ఎకరానికి 16 నుంచి 18 కిలోల మినుములు చల్లుతారు. ఆ పైరు నేలలోని తడితో, మంచుతోనే పండుతుంది. కోత యంత్రం దిగితే దాని బరువుకు నేల అణిగి మినుము సరిగా మొలవదు. అందుకే మినుము చల్లిన చేలో కొడవలికి ఇంకా పని ఉంది. మినుము వేయని చోట వారాల తరబడి దొరికే కోత కూలి యంత్రంతో గంటల్లో అయిపోతుంది. వేసవి ఖాళీని మాత్రం 2006లో మొదలైన ఉపాధి హామీ పనులు కొంత పూడ్చాయి.

తూర్పు ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా పల్లెల్లో చాలా కుటుంబాలు తమ చిన్న కమతంలోనే మొక్కజొన్న, చిక్కుడు కలిపి వేసి, ముందు తిండికి ఉంచుకుని మిగిలింది అమ్ముకుంటాయి. మా ఇళ్లలో పంట నూర్చగానే ముందు తీయవలసింది కౌలు.

ఒక లెక్క చూద్దాం. ఎకరానికి 30 బస్తాలు పండాయనీ, కౌలు 15 బస్తాలనీ అనుకుందాం. మిగిలిన 15లోనే ఎరువు, మందులు, కూలి, వడ్డీ అన్నీ రావాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినట్టు వచ్చి, పనలు నీటిలో నాని 18 బస్తాలే చేతికందితే, మిగిలేది 3 బస్తాలు. కౌలు తగ్గించమని అడగవచ్చు, తగ్గించేవారూ లేకపోలేదు. కానీ అది వారి దయ.

బ్యాంకు అప్పుకైనా, నష్టపరిహారానికైనా కౌలుదారుకు కాగితం కావాలి. 2011 చట్టం రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 చట్టం 11 నెలల సాగు హక్కు పత్రం తెచ్చింది, కానీ దానికి భూయజమాని సంతకం ఉండాలన్నది. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనని మా నాన్నల్లో చాలామంది అడగనే లేదు.